అనుమతి గడిలో ఇరవై ఏడు

గంటలాయనను పోయిన వారం బడి వరండాలో, చేతిలో మీటరు పట్టుకుని నిలబడ్డ చోట వదిలేశాం. బడుల్లో అగ్నిప్రమాదపు గంటలు తనిఖీ చేసే ఉద్యోగి, ఆ రోజు ఏదో ఫారం ఇచ్చి పోదామని వచ్చిన మనిషి. మధ్యాహ్నం భోజనాల వేళ పిల్లలంతా ఒక్కసారిగా వరండాలోకి విరుచుకుపడితే, సరదాకి సంచిలోంచి శబ్దం కొలిచే మీటరు తీసి చూశాడు. పిల్లల గోల ఎనభై రెండు డెసిబెల్స్. అదే వరండాలో అగ్నిప్రమాదపు గంట ఎనభై ఆరు మోగుతుందని ఏటేటా తన చేత్తో తనే రాస్తున్నాడు. మామూలుగా ఉండే చప్పుడు కన్నా గంట కనీసం పదిహేను ఎక్కువ మోగాలని నియమం. ఇక్కడ ఎక్కువ ఉన్నది నాలుగు.

తొమ్మిదేళ్లుగా ఈ సంగతి తెలియకపోవడానికి కారణం చాలా చిన్నది. ఆయన ఎప్పుడూ సెలవుల్లోనే తనిఖీకి వచ్చేవాడు. ఆయనే కాదు, ఆ తనిఖీ ఆఫీసులో అందరూ అంతే. పిల్లలకి ఇబ్బంది ఉండదు, పాఠాలు ఆగవు, పని చకచకా అయిపోతుంది. ఖాళీ గదిలో సూది పడినా వినిపిస్తుంది. గంట వినిపించక చస్తుందా? పిల్లలు లేని బడిలో పిల్లల కోసం గంట కొలవడమేమిటని ఇన్నేళ్లలో ఒక్కరికీ తోచలేదు.

ఆ రోజు నుంచి ఆయనకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానా అనిపిస్తుంది. చివరికి హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి వెళ్లి, పిల్లలుండగా ఒక్కసారి గంట కొట్టి చూస్తానన్నాడు. హెడ్‌మిస్ట్రెస్ పరాయిది కాదు, ఆయనకు వదిన. కాలం చేసిన ఆయన భార్యకు సొంత అక్క. అక్క ఆఫీసు గదిలో, చెల్లెలు సంగీతం గదిలో, పాతికేళ్లు ఆ బడిని చెరో పక్కన పట్టుకుని నడిపించారు.

"శుక్రవారానికల్లా సర్టిఫికెట్టు మీద మీ సంతకం పడితేనే సోమవారం బడి తెరవనిస్తారు. ఇప్పుడు ఈ కొత్త పరీక్ష ఏమిటి మరిదిగారూ?" అందావిడ. మళ్లీ తనే, "సరే, బుధవారం మూడో పీరియడ్. మూడు నిమిషాల్లో ముగించాలి. టీచర్లకు కూడా చెప్పను. మీ ముచ్చట ఎందుకు కాదనాలి," అంది.

ఇదుగో, ఇప్పుడు బుధవారం. మూడో పీరియడ్.

* * *

పదకొండు గంటల పది నిమిషాలకు అటెండరు గంట నొక్కాలని ఒప్పందం. గంటలాయన తన గడియారాన్ని ఆఫీసు గోడ గడియారంతో సరిచూసుకుని, పదకొండయ్యేసరికి సంగీతం గది ముందుకు చేరాడు. ఎక్కడైనా నిలబడవచ్చు. గేటు దగ్గర నిలబడితే అందరూ కనిపిస్తారు. కానీ కాళ్లు ఇటు తీసుకొచ్చాయి. ఐదేళ్లుగా తనిఖీకి వచ్చినప్పుడల్లా ఈ గది గుమ్మంలోనే నిలబడి, తలుపు బార్లా తెరిచి పెట్టి, వరండా గంట ఇక్కడికి ఎంత వస్తోందో కొలుచుకుని వెళ్లిపోయేవాడు. లోపలికి అడుగు పెట్టేవాడు కాదు. పెడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు.

ఈసారి పెట్టాడు.

ఏమీ కాలేదు. ఇరవై మందికి పైగా ఐదో తరగతి పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. పాటల టీచరమ్మ హార్మోనియం ముందు నుంచే తల ఊపి, కూర్చోమని సైగ చేసింది. ఒక పిల్లాడు చిన్న కుర్చీ లాక్కొచ్చి వేశాడు. ఆ పక్కనే రెండు జడల పిల్ల ఒకతి ఆయన్ని ఎగాదిగా చూసి, తన దగ్గరున్న రెండు గిలక్కాయల్లో ఒకటి ఆయన చేతిలో పెట్టింది.

"ఊరికే కూర్చుంటే టీచర్ ఒప్పుకోరు తాతయ్యా. మేం నాలుగు అన్నప్పుడు మీరు ఆడించండి."

"నాకు తాళం రాదమ్మా."

"నాకూ రాదు. అందుకే గిలక ఇచ్చారు."

ఆయనకు నవ్వొచ్చింది. ఎన్నాళ్లకో ఆ గదిలో నవ్వు వచ్చింది. గోడలకు పరిచిన మందపాటి గుడ్డ రంగు వెలిసింది కానీ ఎక్కడా ఊడలేదు. తలుపు అంచుల వెంట రబ్బరు పట్టీ అలాగే ఉంది. ఆ వడ్రంగిని వెతికి తెచ్చింది తనే. పాటల గోల భరించలేకపోతున్నామని పక్క తరగతుల వాళ్లు సణిగితే, ఆయన భార్య పట్టుబట్టి చేయించుకున్న గది ఇది. పని పూర్తయిన రోజు లోపల తలుపేసుకుని గొంతెత్తి పాడింది. తను బయట నిలబడి, తలుపుకున్న చిన్న గాజుపలకలోంచి వినపడటం లేదని తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఎంత సంతోషం ఆవిడకు. లోపలి చప్పుడు బయటికి పోకపోతే బయటిది లోపలికి వస్తుందా అని ఆ రోజు ఇద్దరిలో ఒక్కరూ అనుకోలేదు. వాళ్లలో ఒకరి ఉద్యోగమే గంటలు వినడం.

పాట మొదలైంది. నాలుగు అన్నప్పుడల్లా గిలక ఆడిస్తూ గడియారం చూసుకుంటున్నాడు. పదకొండూ పది అయింది. ఏమీ లేదు. అటెండరుకు మతిమరుపు, ఎవరితోనో కబుర్లలో పడుంటాడు. పది దాటి అర నిమిషం. పదకొండో నిమిషం. నల్లబల్లకు పైన గోడ మీద, ఒకప్పుడు ఈ గదికి సొంత గంట ఉన్న చోట, గుండ్రటి రేకు మూత ఒకటి కనిపిస్తోంది. తనిఖీ కాగితాల్లో దాని ఎదురుగా ఏటా ఒకటే మాట రాస్తాడు: అనుమతి మేరకు మార్పు, గత సంవత్సరం ప్రకారం. గత సంవత్సరం కాగితంలో అంతకు ముందటి సంవత్సరం ప్రకారమని ఉంటుంది.

"తాతయ్యా," అంది రెండు జడల పిల్ల, గిలక ఆపకుండానే. "వాళ్లందరూ ఎక్కడికెళ్తున్నారు?"

కిటికీ పైభాగంలోంచి ఆటస్థలం కనిపిస్తోంది. బడి మొత్తం వరసలు కట్టి నడుస్తోంది. చిన్న తరగతులు ముందు, పెద్దవి వెనక. పెదవులు బిగించుకుని, చేతులు కట్టుకుని, చప్పుడు లేని బొమ్మల్లా పోతున్నారు. గదిలో మటుకు పాట మూడో చరణానికి వచ్చింది.

ఆయన లేచి వెళ్లి తలుపు లాగాడు. అంగుళం తెరుచుకుందో లేదో, గంట వచ్చి మొహం మీద పడింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. పాటల టీచరమ్మ చేతులు హార్మోనియం మెట్ల మీదే ఆగిపోయాయి.

"ఎప్పటి నుంచండీ మోగుతోంది?" అందావిడ.

"రెండు నిమిషాలవుతోంది తల్లీ. ఏవీ తీసుకోకండి. వరసగా నా వెంట రండి."

గుమ్మం దాటుతుంటే ఒక్కొక్కరి తల తాకి లెక్కపెట్టాడు. అది ఆయన చేతికి అలవాటైన పని. ఇరవై ఆరు. గిలక కింద పెట్టడం మరిచిపోయి కోటు జేబులో వేసుకున్నాడు.

* * *

ఆటస్థలంలో నాలుగు వందల చిల్లర మంది ఉన్నారు, ఒక్క మాట లేదు. అది వదినగారి కట్టడి. తలలు లెక్కపెట్టి, చీటీలు తన చేతికొచ్చి, ఆఫీసులో పుస్తకానికి ఎక్కించి, తను విజిల్ ఊదేదాకా పిల్లలే కాదు, టీచర్లు కూడా నోరు విప్పకూడదు. వెనక్కి తిరిగి లోపలికి పోకూడదు. అంత అవసరమైతే చేయి ఎత్తి నిలబడాలి. చుట్టుపక్కల ఏ బడిలోనూ ఇంత క్రమశిక్షణ లేదని ఆయనే ఎన్నోసార్లు రాశాడు కూడా. ఎండ చుర్రుమంటోంది. చివరి వరసలో, చేరి పట్టుమని పది రోజులు కాని కొత్త టీచరొకావిడ ఎండకు అడ్డం కాబోలు చేయి పైకి పెట్టుకుని నిలబడింది.

వదినగారు చేతిలో చీటీల కట్టతో ఎదురొచ్చింది. మొహంలో గెలుపు ఉంది.

"రెండు నిమిషాల నలభై సెకన్లు. చూశారా?" అని, ఆయన వెనక వస్తున్న వరసను చూసి కనుబొమలు ముడిచింది. "వీళ్లనెందుకు లాక్కొచ్చారు? సంగీతం వాళ్లకి అనుమతి ఉంది కదా."

"అనుమతా? దేనికి?"

"రాకుండా ఉండటానికి."

ఆయన ఏదో అనబోయి, చుట్టూ చెవులన్నీ తనవైపే ఉన్నాయని గమనించి ఆగిపోయాడు. ఆటల మాస్టారికి పిల్లల్ని అప్పగించి, ఇద్దరూ ఆఫీసు గదికి నడిచారు. అటెండరు గంట ఆపేశాడు. ఆ నిశ్శబ్దంలో గంటలాయన జేబులో గిలక ఒక్కో అడుగుకీ చప్పుడు చేసింది.

"అదేమిటి?" అంది వదినగారు.

"నా వాటా వాయిద్యం. వదినా, ఆ గదిలో గంట వినపడదు. అసలు వినపడదు. నేను లోపలే కూర్చున్నాను. నా చెవులు ఇంకా పోలేదు."

"తలుపు తెరుచుకుంటే వినపడుతుంది. మీరే రాశారు, డెబ్బై తొమ్మిది అని."

"తలుపు తెరిచిపెట్టి ఎవరైనా పాఠం చెబుతారా?"

"మరి ఇన్నేళ్లూ తెరిచిపెట్టి కొలిచిందెవరు, నేనా?"

ఆవిడ కుర్చీలో కూర్చుని, ఫైర్ డ్రిల్లు పుస్తకం తెరిచి, చీటీలు ఒక్కొక్కటే ఎక్కించడం మొదలుపెట్టింది. కోపం వచ్చినప్పుడు ఆవిడ అక్షరాలు మరింత గుండ్రంగా వస్తాయి. తల ఎత్తకుండానే అంది.

"ఏం చేయబోతున్నారు?"

"ఉన్నదున్నట్టు రాస్తాను. సంగీతం గదిలో గంట లేదు, బిగించేదాకా సర్టిఫికెట్టు ఇవ్వలేను అని."

"అంటే సోమవారం నాలుగు వందల పన్నెండు మంది పిల్లలు ఇళ్లలో కూర్చుంటారు."

"పది రోజులు కూర్చుంటారు. కూర్చోనివ్వండి."

"గంట ఎందుకు లేదు, ఎవరు తీయించారు అని మీ ఆఫీసు అడగదా?"

"అడుగుతుంది. అడగాలి కూడా. ఎవరు ఇచ్చారు ఈ అనుమతి? ఎవరో తెలిస్తే నేనే వెళ్లి..."

వదినగారు కలం కింద పెట్టింది. బీరువా తీసి, ఒక పాత ఫైలు దించి, అందులోంచి ఒక కాగితాన్ని బయటికి లాగి ఆయన ముందు పెట్టింది. పెట్టేటప్పుడు ఆవిడ చేయి మెత్తగా ఉంది. గెలవాలని పెట్టిన చేయి కాదది.

"ఇది చూపించాలని నాకు లేదు," అంది. "నా చెల్లెలి చేతిరాత. మీకు నేను చెప్పాలా."

చెప్పనక్కర్లేదు. కుడివైపు వాలిపోయే అక్షరాలు, పొల్లులన్నీ ఎగిరిపోతున్నట్టుండే అక్షరాలు. మూడో తరగతిలో ఒక పాప ఉందనీ, గంట మోగితే బల్ల కింద దూరి, ఇక ఆ రోజంతా నోరు విప్పడం లేదనీ, ఆ పాప తన దగ్గర పాడేటప్పుడు మాత్రమే నవ్వుతుందనీ, కనుక గంట తీసి దాని స్థానంలో మెరిసే దీపం పెట్టడానికి దయచేసి ఒప్పుకోవాలనీ ఉంది. ఆయన కళ్లు అక్కణ్ణించి తిన్నగా కిందికి జారాయి. కింద, నల్ల సిరాలో: అనుమతించడమైనది. దీపం అమర్చిన తరువాత గంట తొలగించవలెను. దాని కింద సంతకం. ఆయనదే.

సాయంత్రం ఐదు గంటల వెలుతురు, బల్ల మీద చల్లారని టీ, పళ్లెం పక్కకు జరిపి భార్య పెట్టిన కాగితం అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. చదవకుండానే సంతకం పెడతారా అంటే, నీ రాత చదవాలంటే రెండు జతల కళ్లద్దాలు కావాలి, విషయం చెప్పు చాలు అన్నాడు. చెప్పింది. పెట్టాడు. మర్నాడు ఆఫీసులో ముద్ర కూడా వేశాడు.

'తరువాత' అన్న మాట దగ్గర ఆయన ప్రాణం ఒక్క క్షణం తేలికపడింది. తను సరిగానే రాశాడు. దీపం వచ్చాకే గంట తీయమన్నాడు. వెంటనే అలా తేలికపడినందుకు సిగ్గేసింది. దీపం వచ్చిందా లేదా అని ఎనిమిదేళ్లలో ఒక్కసారి తల పైకెత్తి చూస్తే తెలిసేది. రేకు మూత కనిపించింది. గత సంవత్సరం ప్రకారం అని రాసుకుంటూ పోయాడు.

"దీపం ఏమైంది?"

"వస్తుందన్నారు. గంట తీసేవాడు ముందు వచ్చాడు. దీపం పెట్టేవాడు రానే లేదు. తర్వాత చెల్లికి ఒంట్లో బాగా లేకుండా వచ్చింది. ఆ రోజుల్లో దీపం సంగతి ఎవరికి పట్టింది?" వదినగారు డ్రిల్లు పుస్తకం దగ్గరికి లాక్కుంది. "పాప బెదరకూడదని ఆ గదిని డ్రిల్లు నుంచి తప్పించాం. పుస్తకంలో ఒక గడి గీశాం. పాప బడి వదిలి వెళ్లి ఆరేళ్లయింది."

"గడి మిగిలిపోయింది."

"మిగిలిపోయింది. ఇప్పుడు మీరు రాస్తే ముందు ఈ కాగితం అడుగుతారు. ఇందులో మీ సంతకం ఉంది, చెల్లి పేరుంది. ఆ గదికి దాని పేరు పెట్టాం మరిదిగారూ. పిల్లల ప్రాణాల మీదికి తెచ్చిన టీచరని రేపు ఎవడో ఒకడు ఆ పేరు ఎత్తితే మీరు వినగలరా?"

వినలేడు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు, అందుకే అడిగింది. గంటలాయన కుర్చీలోంచి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. జేబులో గిలక గలగలమంది. రెండు జడల పిల్ల అన్న మాట గుర్తొచ్చింది. నాకూ రాదు, అందుకే ఇచ్చారు. తాళం రాని పిల్లకు కూడా చేతిలో ఏదో ఒకటి పెట్టి గుంపులో కూర్చోబెట్టడం తన భార్య పెట్టిన అలవాటే. గంటకు బెదిరే పాపకు దీపం అడిగింది కూడా ఆ మనసే. ఒక్క పిల్లను కూడా గుంపు బయట వదలని మనిషి పేరు కాపాడటానికి ఇరవై ఆరుగురిని తలుపు వెనక వదిలేస్తారా?

"వదినా," అన్నాడు. "తను బతికుంటే ఇవాళ నా కన్నా ముందు తనే రాసేది. రాస్తాను. కాగితం కూడా జత చేస్తాను. దీపం పెట్టించనిది తను కాదు, చూడాల్సినవాణ్ణి నేను. అది కూడా రాస్తాను."

వదినగారు కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మొండి మనుషులు, ఇద్దరూ ఇద్దరే," అని మాత్రం అంది. అందులో కోపం లేదు. డ్రిల్లు పుస్తకాన్ని ఆయన వైపు తిప్పి, "ఇది కూడా జత చేసుకోండి. దాచి ఏం చేసుకుంటాను," అంది.

ఆయన ఆ పేజీ చూశాడు. అంకెలు చూస్తే ఆగని చూపు ఆయనది. హాజరు నాలుగు వందల పన్నెండు. ఆటస్థలంలో మూడు వందల ఎనభై ఐదు. అనుమతి, ఇరవై ఏడు.

"ఇరవై ఏడేమిటి?"

"సంగీతం వాళ్లు."

"వాళ్లు ఇరవై ఆరు. ఒక్కొక్కరి తల తాకి లెక్కపెట్టాను."

"తప్పు లెక్కపెట్టుంటారు."

ఆయన చీటీల కట్ట అందుకుని తిరగేశాడు. ఐదో తరగతి చీటీలో అనుమతి ఇరవై ఆరు. సరిగ్గానే ఉంది. ఇంకా తిరగేశాడు. రెండో తరగతి చీటీలో, చివర, చిన్నగా: అనుమతి ఒకటి.

ఏదో తట్టినట్టు, మళ్లీ భార్య రాసిన కాగితం ముందుకు లాక్కున్నాడు. ఈసారి సంతకం దగ్గరికి జారిపోకుండా, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, ఎనిమిదేళ్ల కిందట చదవాల్సిన చదువు చదివాడు. దీపం పెట్టడానికి దయచేసి ఒప్పుకోవాలి. ఆ తర్వాత ఇంకో వాక్యం ఉంది. ఆ పాప పాట లేని వేళల్లో కూర్చునే మెట్ల కింది గదికి కూడా ఇదే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను.

"మెట్ల కింద గదేమిటి వదినా? నా పటంలో అది చీపుర్లు పెట్టుకునే కొట్టు."

"కొట్టే. అప్పుడే ఖాళీ చేయించి పాప కోసం చిన్న బల్ల వేయించాం. ఈ ఏడాది మళ్లీ..." ఆవిడ మాట మధ్యలో ఆగిపోయింది. "చదువు వెనకబడిన చిన్న పిల్లల్ని ఒక్కొక్కరినే తీసుకెళ్లి చదివిస్తోంది కొత్త టీచరు. తలుపు లాగితే తాళం దానంతటదే పడుతుంది, లోపల్నుంచి రాదు. తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది. పుస్తకమేదైనా తేవాలంటే పిల్లను లోపలే ఉంచి ఒక్క నిమిషం బయటికొస్తుంది."

"ఏ పీరియడ్?"

వదినగారు బల్ల మీద అద్దం కింద ఉన్న టైంటేబుల్ మీదికి వంగింది. వేలు బుధవారం గడిలోకి వచ్చి, ఒకటి దాటి, రెండు దాటి, ఆగింది.

ఇద్దరూ ఒకేసారి కిటికీ వైపు తిరిగారు. ఆటస్థలంలో నాలుగు వందల చిల్లర మంది, విజిల్ కోసం, పెదవి కదపకుండా నిలబడి ఉన్నారు. చివరి వరసలో కొత్త టీచరు అలాగే చేయి ఎత్తి నిలబడి ఉంది. ఆ చేయి ఎండకు అడ్డం పెట్టుకున్నది కాదు. లోపలికి పోవడానికి అనుమతి అడుగుతున్న చేయి. పిడికిట్లో తాళంచెవి ఎండకు తళుక్కుమంది.